ఓడ ఆగదు నాన్నా!

మా ఇల్లు గగన్‌పహాడ్‌లో. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పావుగంట ప్రయాణం. ఈ ఒక్క కారణంగా 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు మొదలైనప్పటి నుంచీ మాది ఇల్లు కాదు, సత్రం! నల్గొండ, సూర్యాపేట, మిర్యాలగూడ... చుట్టాలు ఎక్కడివాళ్లైనా సరే, అమెరికాలో కూతురి కాన్పుకో కొడుకు గృహప్రవేశానికో వెళ్తుంటే ముందురోజు రాత్రి మా ఇంట్లో దిగాల్సిందే. వరండాలో కొక్కేనికి లగేజీ తూచే త్రాసు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. పెట్టె 23 కిలోలు దాటితే అందులోంచి ఏ పచ్చడి సీసా తియ్యాలో తీర్పు చెప్పేది మా అమ్మే. అర్ధరాత్రి కారు వస్తుంది. వెళ్లేవాళ్లు వెళ్తారు. మేం గేటు దగ్గర చెయ్యి ఊపి, లోపలికొచ్చి పక్కబట్టలు మడతపెట్టుకుంటాం.

పదహారేళ్లు అలా ఎంతోమందిని సాగనంపిన అమ్మానాన్నా ఒక్కసారీ విమానం ఎక్కలేదు. 2024లో ఆ లోటు తీర్చాలనుకున్నా. ఏ కాశీయో, సింగపూరో అంటారనుకుని 'ఎటు పోదాం నాన్నా?' అని అడిగా. నాన్న పేపర్లోంచి తలెత్తకుండానే 'నేపుల్స్' అన్నారు.

అమ్మ నా వంక చూసింది. నేను నాన్న వంక చూశాను.

నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు. శాతవాహనుల పాఠం వస్తే చాలు, ఆ రోజు పీరియడ్ అయిపోయినా బెల్లు వినిపించేది కాదట. అందులోనూ ఒక బొమ్మ కథ. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై ఇటలీలో పాంపే నగరం బూడిద కింద పూడిపోయింది. 1938లో అక్కడ తవ్వుతుంటే ఒక ఇంట్లో ఏనుగు దంతంతో చేసిన బొమ్మ దొరికింది. చేతుల నిండా గాజులు, కాళ్లకు కడియాలు, మెడలో హారాలు, అటూ ఇటూ చిన్న చెలికత్తెలు. రోమన్ దేవత కాదు. మనమ్మాయే! 'పాంపే లక్ష్మి' అని పేరు పెట్టారు. లక్ష్మి కాకపోవచ్చు, యక్షిణి అయ్యుంటుందని తర్వాత పండితులు చెప్పారనుకోండి. అచ్చం అలాంటి పోలికలతోనే మహారాష్ట్రలోని భోకర్‌దన్‌లో, తేర్‌లో కూడా దంతపు బొమ్మలు దొరికాయి. రెండూ శాతవాహనులు ఏలిన నేలే. 'రోమన్ నాణేలు మన నల్గొండ మట్టిలో దొరికినయి. మన దిక్కు బొమ్మ పోయి వాళ్ల బూడిదలో దొరికింది' అని నాన్న ముప్పై ఏళ్లపాటు పిల్లలకు చెబుతూ వచ్చారు. పుస్తకంలోని ఫొటో చూసి నల్లబల్ల మీద సుద్దముక్కతో ఆ బొమ్మ వేసేవారు. అదిప్పుడు నేపుల్స్ నగరంలోని జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది.

ఇంతకీ క్రూయిజ్ ఎందుకంటే, అమ్మ మోకాళ్ల కోసం. ఊరు మారినప్పుడల్లా హోటలు మారడం, పెట్టెలు లాగడం, రైళ్లెక్కడం ఆవిడ వల్ల కాదు. ఓడలో అయితే పెట్టె ఒకసారి విప్పితే చాలు. మనం నిద్రపోతుంటే ఊళ్లే మన దగ్గరికి వస్తాయి. బార్సిలోనాలో ఎక్కి, మార్సెయ్, జెనోవా, రోమ్, నేపుల్స్ చూసుకుని, మళ్లీ బార్సిలోనాలో దిగే ఏడు రాత్రుల ప్రయాణం. వినడానికి ఎంత బాగుందో!

ఓడ వాళ్లు ప్రతి రేవులోనూ చూపించే టూర్ల జాబితా ఇస్తారు. షోర్ ఎక్స్‌కర్షన్లంటారు. నేపుల్స్ పేజీ తీశాను. పాంపే శిథిలాలు ఉన్నాయి. కాప్రి దీవి, సొరెంటో ఉన్నాయి. పిజ్జా చేయడం నేర్పించే క్లాసు కూడా ఉంది. మ్యూజియం మాత్రం లేదు. నాన్న రెండుసార్లు జాబితా చదివి, కళ్లజోడు తీసి, 'పోనీలే బిడ్డా, పాంపే అయినా చూద్దాం' అన్నారు. ఆ 'పోనీలే' నాకు నచ్చలేదు. ఓడ వాళ్లు తీసుకెళ్లకపోతే మనం వెళ్లలేమా? అదిగో, అక్కడ మొదలైంది నా చదువు.

మొదటి పాఠం. ఓడ వాళ్ల టూర్లో వెళ్తే, బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా ఓడ ఆగుతుంది. ఆగకపోతే మనల్ని తర్వాతి రేవుకు చేర్చే పూచీ వాళ్లదే. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగదు. ఆర్డినరీ బస్సు కాదు కదా, చెయ్యెత్తితే ఆగడానికి! తర్వాతి ఊరికి మన డబ్బులతో మనం పరుగెత్తాలి. ఓడ ఆరింటికి బయల్దేరుతుందని రాసి ఉంటే ఆరింటికి కాదు, అరగంట ముందో గంట ముందో అందరూ లోపల ఉండాలి. ఆ వేళ ఓడలో రోజూ ఇచ్చే కార్యక్రమ పత్రంలో ఉంటుంది. ఆ రేవులో ఓడ తరఫున పనిచేసే పోర్టు ఏజెంటు ఫోన్ నంబరూ అందులోనే ఉంటుంది. ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వెయ్యకుండా జేబులో పెట్టుకునేవాళ్లే తెలివైనవాళ్లు.

రెండో పాఠం. ఓడ టికెట్ మీద రోమ్ అని ఉన్నంత మాత్రాన ఓడ రోమ్‌లో ఆగదు. అది ఆగేది చివితావెక్కియా అనే రేవులో. అక్కడి నుంచి రోమ్ డెబ్బై కిలోమీటర్ల పైమాట. ఫ్లోరెన్స్ అని రాస్తే దిగేది లివోర్నోలో, ఇంకో తొంభై కిలోమీటర్లు. వెనిస్ నడిబొడ్డు మీదుగా పెద్ద ఓడలు వెళ్లడాన్ని 2021 ఆగస్టు నుంచి ఆపేశారు కాబట్టి వెనిస్ అన్నా ఊరి అంచునో, ఎక్కడో రావెన్నాలోనో దింపొచ్చు. హైదరాబాద్‌లో దిగాననుకున్నవాడు శంషాబాద్‌లో దిగినట్టన్నమాట. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే అసలు ప్లాను ఏ ఊళ్లో ఏం చూడాలన్న దగ్గర మొదలు కాదు. ఓడ మెట్ల నుంచి చూడాల్సిన చోటు ఎంత దూరం, వెనక్కి రావడానికి ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి ఉందా అన్న దగ్గర మొదలవుతుంది. ఈ లెక్క వేస్తే నేపుల్స్ మా పాలిట వరం. ఓడ ఆగేది ఊరి నడిమధ్యలో. ఎదురుగా మునిచిపియో మెట్రో స్టేషన్. మూడో స్టేషన్ పేరే 'మూజెయో', అంటే మ్యూజియం. మెట్రో లేకపోతే టాక్సీ. అదీ లేకపోతే నడక. రెండు కిలోమీటర్లే.

ఎగిరి గంతేసి మర్నాడే డబ్బు కట్టేయబోయాను. కట్టలేదు కాబట్టి బతికిపోయాం.

నాన్న అప్పటికే ఒక నోటుబుక్కు పెట్టారు. టీచర్ కదా, టైమ్‌టేబుల్ వేయనిదే నిద్రపట్టదు. ఓ గడిలో రేవు, పక్క గడిలో వారం, ఆ పక్కన ఆ వారం ఏది మూసి ఉంటుందో. మన సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవున్నట్టే అక్కడా ఒక్కోదానికి ఒక్కో రోజు. వాటికన్ మ్యూజియాలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు తెరవరు. ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీకి సోమవారం సెలవు. మరి నేపుల్స్ పురావస్తు మ్యూజియానికి? మంగళవారం! నేను కొనబోయిన ఓడ నేపుల్స్ చేరేది సరిగ్గా మంగళవారమే.

'మంగళారం మనకే అచ్చిరాదనుకున్న. వాళ్లకు గూడ అంతేనా?' అంది అమ్మ, బియ్యం ఏరుకుంటూ.

వేరే ఓడ వెతికాం. దాదాపు అదే దారి, నేపుల్స్ బుధవారం. మనిషికి ఆరు వేలు ఎక్కువ. కట్టేశాం. ఓడ బాగుందా, తిండి బాగుందా, ఈతకొలను ఉందా అని చూసి జనం ఓడ ఎంచుకుంటారు. మేము వారాన్ని బట్టి ఎంచుకున్నాం!

వీసా గురించి రెండు ముక్కలు. స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ మూడూ షెంగెన్ దేశాలే కాబట్టి ఒకే వీసా చాలు. ఎక్కువ రోజులుండే దేశానికి దరఖాస్తు చేసుకోవాలి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల ప్రయాణ బీమా తప్పనిసరి. దారిలో ఇస్తాంబుల్ లాంటి టర్కీ రేవు ఉంటే మాత్రం జాగ్రత్త. అది షెంగెన్ కాదు. టర్కీ వీసా వేరే చూసుకోవాలి, మళ్లీ యూరప్‌లోకి రావడానికి షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీది అయ్యుండాలి. ఇంకోటి, ఓడ ఎక్కే రోజే విమానం దిగేలా టికెట్లు కొనొద్దు. మేం రెండు రోజుల ముందే దిగాం. గల్ఫ్‌లో విమానం మారాలి కదా, పెట్టెలు మనతోపాటే వస్తాయని ఎవరు చెప్పగలరు?

అక్టోబరులో ఒక అర్ధరాత్రి మా ఇంటి ముందు కారు ఆగింది. ఈసారి త్రాసుకు తగిలించినవి మా పెట్టెలే. అమ్మ పెట్టె 24 కిలోలు తూగింది. సకినాల డబ్బా ఒకటి బయటికొచ్చింది.

మార్సెయ్ ఆదివారం కావడంతో సగం దుకాణాలు మూసే ఉన్నాయి. పాత రేవులో పడవలు చూసి, గట్టు మీద కూర్చుని సకినాలు తిని వచ్చేశాం. జెనోవాలో ఓడ దిగి నడుచుకుంటూనే పాత ఊరికి వెళ్లొచ్చు. కొలంబస్ పుట్టిన ఊరు. 'ఇండియాకు దారి వెతుక్కుంట పోయి తప్పిపోయిండు' అని నాన్న ఒక్క ముక్కలో తేల్చేశారు.

రోమ్‌కు మాత్రం సొంత పెత్తనం వద్దనుకున్నాను. చివితావెక్కియా నుంచి రైళ్లున్నాయి. గంటో గంటంబావో పడుతుంది, చవక కూడా. వయసులో ఉన్నవాళ్లు హాయిగా వెళ్లొచ్చు. కానీ రేవు నుంచి స్టేషన్‌కు బస్సు, రైలు, మళ్లీ నడక, తిరిగి రావడం... అమ్మ మోకాళ్లు కళ్ల ముందు మెదిలాయి. ఓడ వాళ్ల దగ్గరే మధ్యేమార్గం ఒకటుంది. గైడు, టికెట్లు ఏమీ ఉండవు. బస్సులో రోమ్‌లో దింపి, సాయంత్రం ఎక్కించుకుంటారు, అంతే. పూర్తి టూరు కంటే బాగా తక్కువ. అదే తీసుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు దారిలో వాహనాలు బారులు తీరి బస్సు ముప్పావుగంట కదల్లేదు. బస్సులో ఒక్కరికీ కంగారు లేదు. ఓడ వాళ్ల బస్సు కదా! అదే రైల్లో వచ్చుంటేనా, నా బీపీ ఎంతుండేదో. ఆ డబ్బు మనం కట్టేది బస్సుకు కాదు, ఆ నిశ్చింతకు.

ఇక బుధవారం. పొద్దున్నే డెక్ మీదికి వెళ్తే ఎదురుగా వెసూవియస్. రెండు మూపులున్న ఎద్దులా నింపాదిగా పడుకుని ఉంది. పక్కనున్న ముంబై ఆయన 'నేపుల్స్ వచ్చి పాంపే చూడకపోతే ఎలా?' అని మందలించాడు. నిజమే. చూడాల్సిందే. సిర్కుంవెసువియానా రైల్లో నలభై నిమిషాలు కూడా పట్టదు. కానీ పాంపే అంటే రాళ్ల బాట మీద ఎండలో గంటల నడక. మ్యూజియం, పాంపే రెండూ అమ్మతో ఒకే రోజు కుదరవు. ఒకటి వదులుకోక తప్పదు. ఈ మాట టూర్ల పుస్తకాల్లో ఎవరూ రాయరు.

సాయంత్రం ఐదున్నరకల్లా అందరూ లోపల ఉండాలి. మా వరకు మేం మూడున్నర అని గీత గీసుకున్నాం. రెండు గంటలు చేతిలో ఉంచుకోవడమన్నమాట. 'ఓడ ఆగదు నాన్నా, గుర్తుందిగా' అంటే, 'నేను ముప్పై ఏండ్లు బెల్లు కొట్టించినోన్ని, నాకు చెప్తవా' అన్నారు. బెల్లు కొట్టినా వినిపించుకునేవారు కాదని మాకు తెలియదనుకున్నారేమో!

మ్యూజియంలో టికెట్ తీసుకుంటూనే ఆ గది ఎక్కడ, తెరిచే ఉందా అని అడిగాను. అన్ని గదులూ అన్ని వేళలా తెరిచి ఉండవని ముందే చదివాను కాబట్టి మిగతావన్నీ తర్వాత. తెరిచే ఉంది. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. బొమ్మ ఉన్న గది పేరు 'రహస్య మందిరం'. పాంపేలో దొరికిన శృంగార చిత్రాలు, శిల్పాలు అన్నీ ఏరి పెట్టిన గది అది. ఒకప్పుడు ఆడవాళ్లనీ పిల్లల్నీ గడప తొక్కనిచ్చేవారు కాదట. 2000లో గానీ మామూలు జనానికి తెరవలేదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలైతే ఇప్పటికీ పెద్దవాళ్లు వెంట ఉండాలి. ఈ సంగతి అమ్మకు ఎలా చెప్పాలా అని వారం రోజులుగా నలుగుతున్నాను. గుమ్మం దాకా వచ్చాక గొణిగాను.

'మన గుళ్ల మీద లేనియా? నడువ్' అంది అమ్మ.

అద్దాల పెట్టెలో ఉంది. నాన్న రెండడుగులు ముందుకేసి ఆగిపోయారు. చాలాసేపు మాట్లాడలేదు. నాకు భయమేసింది, ఏమైనా తేడాగా ఉందా అని. తర్వాత మెల్లగా చెయ్యి చాపి, బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా గాల్లోనే కొలిచారు.

'జానెడే!' అన్నారు.

ముప్పై ఏళ్లు నల్లబల్ల పై అంచు నుంచి కింది అంచు దాకా వేసిన బొమ్మ. పుస్తకంలో కొలత రాసి ఉండకపోవచ్చు, ఉన్నా ఆయన చూసి ఉండకపోవచ్చు. ఆయన మనసులో అది నిలువెత్తు మనిషి. ఇక్కడ చూస్తే పాతిక సెంటీమీటర్లు కూడా నిండుగా లేదు. అద్దం పిడి అయ్యుంటుందనీ, పీటకో బల్లకో కాలు అయ్యుంటుందనీ అంటారు. నాన్న చిన్నబోయారేమో అనుకున్నా. కాదు. వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, గాజులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. తర్వాత కడియాలు. అడుగున ఖరోష్ఠి అక్షరం ఉంటుందని, అది కనిపిస్తుందేమోనని అటు పక్కకు, ఇటు పక్కకు. మా వెనక ఒక ఇటాలియన్ బడి పిల్లల గుంపు వచ్చింది, చూసి నవ్వుకుంది, వెళ్లిపోయింది. నాన్న అక్కడే ఉన్నారు. ఓడ వాళ్ల టూర్ అయితే జెండా పట్టుకున్న గైడు మూడు నిమిషాలకే 'పదండి' అనేవాడు. మేం నలభై నిమిషాలున్నాం.

'ఇంత చిన్నదాన్ని ఒంటె మీద, పడవ మీద, విరగకుండ ఇంత దూరం తెచ్చిన్రు' అన్నారు బయటికొస్తూ. ఇంకేం అనలేదు.

అమ్మకు మిగతా మ్యూజియం నచ్చింది. పాంపే వంటింటి కంచు గిన్నెలు, గరిటెలు చూసి, మా అమ్మమ్మ ఇంట్లో అటక మీదున్నవి గుర్తుచేసుకుంది. బొగ్గయిపోయిన రొట్టె ముందు మాత్రం నిలబడలేకపోయింది. 'పొయ్యి మీద పెట్టి, తినకముందే పోయిన్రు పాపం' అని పక్కకు వెళ్లిపోయింది. మధ్యాహ్నం మార్గరిటా పిజ్జా తిన్నాం. మెట్రో, మ్యూజియం, పిజ్జా అన్నీ కలిపి ముగ్గురికీ వంద యూరోలు దాటలేదు. ఓడ వాళ్ల పాంపే టూర్ ఒక్కరికే దాదాపు అంత.

ఇంత ప్లాను వేసిన నేను చివర్లో ఏం చేశానో చెప్పాలి కదా. తిరుగు ప్రయాణంలో మెట్రో ప్లాట్‌ఫాం తప్పు ఎక్కించాను! ఓడవైపు పోవాల్సింది, కొండవైపు పోయే రైలెక్కాం. నేను ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటున్నా. నాన్న భుజం తట్టి, 'మాతెర్‌దేయి అన్న పేరు పొద్దున రాలేదు బిడ్డా' అన్నారు. పొద్దున ఆయన స్టేషన్ల పేర్లు నోటుబుక్కులో రాసుకున్నారు మరి. దిగి, మెట్లెక్కి, మెట్లు దిగి, ఇంకో రైలు కోసం ఆగి... అరగంట పోయింది. అమ్మ మోకాలు పట్టేసింది. ఆ అరగంటలో నా గుండె ఎన్నిసార్లు గొంతులోకి వచ్చిందో! ఓడ మెట్ల దగ్గర కార్డు చూపించి లోపలికి అడుగుపెట్టేసరికి నాలుగైంది. రెండు గంటలు దాచుకోకపోయి ఉంటే ఈ కథ వేరేగా రాసేదాన్ని.

సాయంత్రం డెక్ మీద నిలబడ్డాం. కింద రేవు గట్టు మీద ఒక జంట చేతుల్లో సంచులతో పరుగెత్తుకుంటూ వస్తోంది. పైనుంచి జనం చప్పట్లు, ఈలలు. వాళ్లు ఎక్కేశారు. అమ్మ దణ్ణం పెట్టుకుంది.

ఓడ కదిలాక నాన్న వెసూవియస్ వంక చూస్తూ ప్లినీ కథ చెప్పారు. ఇండియా సరుకుల కోసం మన డబ్బు ఏటా 5 కోట్ల సెస్టెర్సులు పోతోందని పుస్తకంలో రాసి బాధపడిన రోమన్ పెద్దమనిషి ఆయన. ఈ సముద్రంలోనే నౌకాదళానికి అధికారి. కొండ బద్దలైనప్పుడు జనాన్ని కాపాడదామని ఓడలు తీసుకుని ఎదురెళ్లి, ఆ ఒడ్డునే చనిపోయాడు. 'ఆయన వద్దన్న సరుకు బూడిద కింద భద్రంగ ఉన్నది. ఆయనే లేడు' అన్నారు. అమ్మ అప్పటికే మోకాలికి నొప్పి మందు రాసుకుంటోంది.

మళ్లీ మా ఇల్లు సత్రమైపోయింది. మొన్న మిర్యాలగూడ నుంచి పెద్దమ్మ కొడుకు, వదిన వచ్చారు. వాళ్లూ మధ్యధరా క్రూయిజ్‌కే. అన్నం తింటుంటే నాన్న లోపలికెళ్లి నోటుబుక్కు తెచ్చి, కళ్లజోడు పెట్టుకున్నారు.

'నేపుల్స్ ఏ వారం?'

'మంగళవారం బాబాయ్.'

నాన్న ముఖం పడిపోయింది. కాసేపు పేజీలు తిప్పి, 'అయితే పాంపేకు పొండి. దానికి మంగళారం పట్టింపు లేదు. నీళ్లు, టోపీ మర్చిపోవద్దు. ఓడ ఐదున్నరకు అంటే మీరు మూడున్నరకే ఉండాలె' అని, ఓ కాగితం చింపి మెట్రో స్టేషన్ల పేర్లు వరసగా రాయడం మొదలుపెట్టారు. పాంపేకు మెట్రోలో వెళ్లరని నేను చెప్పలేదు.

వరండాలో అమ్మ వదిన పెట్టెను త్రాసుకు తగిలించింది. 25 కిలోలు.